కుమ్మరికి వేసిన ప్రశ్న

చదువు తప్పినా, ఉద్యోగం ఊడినా, ఇష్టం లేని పనిలో పదేళ్లు గడిచిపోయినా మన నోట సిద్ధంగా ఉండే మాట ఒకటే: రాసిపెట్టి ఉంది. ఈ మాటను సిద్ధాంతంగా నిలబెట్టినవాడు బుద్ధుడి కాలంలోనే ఉన్నాడు. ఆయనే ఆజీవకులనే సన్యాసి శాఖకు గురువు మక్ఖలి గోసాలుడు. సుఖదుఃఖాలన్నీ నియతి ప్రకారమే నడుస్తాయి, మనిషి ప్రయత్నానికి వాటిని మార్చే బలం లేదు అన్నది ఆయన బోధ. ఆజీవకుల సొంత గ్రంథాలేవీ మిగల్లేదు. వాళ్ల గురించి మనకు తెలిసింది చాలావరకు బౌద్ధ, జైన గ్రంథాల నుంచి, అంటే ప్రత్యర్థుల నోటి నుంచే. ఆ జాగ్రత్తతో చదివినా, జైనుల ఉవాసగదసావో ఏడో అధ్యాయంలోని ఒక సంభాషణ దగ్గర ఆగక తప్పదు.

పోలాసపురంలో సద్దాలపుత్తుడనే కుమ్మరి గోసాలుడి శిష్యుడు. అతను కుండలు ఎండలో ఆరబెడుతుంటే, ఇవి ఎలా తయారయ్యాయని మహావీరుడు అడుగుతాడు. మట్టిని నీళ్లతో తడిపి, బూడిద, పేడ కలిపి, సారె మీద పెట్టి చేశామంటాడు కుమ్మరి. ప్రయత్నంతోనా, ప్రయత్నం లేకుండానా? గురువు మాట నిలబెట్టాలి కదా, ప్రయత్నం లేకుండానే అంటాడు. మరి ఎవడైనా వచ్చి నీ కుండలు పగలగొడితే? తిడతాను, కొడతాను, కట్టిపడేస్తాను అంటాడు. పగలగొట్టింది నియతే అయితే, వాణ్ని కొట్టడం దేనికి?

గోసాలుడు దీనికి జవాబు చెప్పగలడు: ఆ కోపమూ నియతే. ఒప్పుకుందాం, తర్కంతో ఆయన్ని ఓడించడం తేలిక కాదు. కానీ కోపమూ, ఓర్పూ రెండూ నియతే అయినప్పుడు, రేపు పొద్దున నేనేం చెయ్యాలో ఆ సిద్ధాంతం చెప్పలేదు. అందుకే దాని ప్రకారం ఎవరూ బతకరు. పొలం గట్టు జరిపినవాణ్ని రాత అని వదిలిపెట్టం. మన సోమరితనం లెక్కకు వచ్చినప్పుడే రాత గుర్తొస్తుంది.

అసలు బరువైన అభ్యంతరం వేరే ఉంది. కులం, పేదరికం దారి మూసేసిన మనిషితో నీ బతుక్కి నువ్వే బాధ్యుడివి అనడం క్రూరత్వం కాదా? అవును, ఫలితమంతా అతని మీదే మోపితే క్రూరత్వమే. భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. కర్త అందులో ఒక్కడే. అయినా అతణ్ని ఆ లెక్కలోంచి తీసెయ్యలేదు. పైగా రాత అనే మాట పేదవాడికి ఊరటగా కనిపించినా, కాపాడేది కుండ పగలగొట్టినవాణ్నే. ఈ సంగతి అంబేద్కర్ సూటిగా పట్టుకున్నారు. పేదల దుస్థితికి పూర్వజన్మ కర్మను కారణంగా చూపడమంటే సమాజాన్నీ, రాజ్యాన్నీ బాధ్యత నుంచి తప్పించడమేనని ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో వాదించారు. అన్యాయం చేసినవాళ్లను నిలదీసిన ఆయనే తన వంతు బాధ్యతనూ వదులుకోలేదు. హిందువుగా పుట్టడం తన చేతిలో లేకపోయిందనీ, హిందువుగా మాత్రం చావననీ 1935లో యేవలాలో ప్రకటించారు. ఆ మాట చెల్లించడానికి 21 ఏళ్లు పట్టింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం స్వీకరించారు.