బురుజులో పెంచి బుద్ధి లేదన్నారు

పుట్టిన బిడ్డ రేపు ఏమవుతాడో ఇవాళే చెప్పవచ్చా? జాతకం వేసేవాడికీ, కర్మ సిద్ధాంతం చర్చించే పండితుడికీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడి ఫైలు ముందేసుకుని కూర్చున్న టీచరుకూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. కాలేజీలో స్పానిష్ సాహిత్యమూ ప్రత్యేక విద్యా కలిపి చదివేవాళ్లను చూస్తే, ఈ రెంటికీ పొత్తు ఎక్కడ కుదిరిందా అనిపిస్తుంది. సాలమాంకా అనే ఊళ్లో కుదిరింది. అక్కడి విశ్వవిద్యాలయంలో పదహారో శతాబ్దపు చివర దొమింగో బాన్యెస్ దైవకృప ముందు మనిషి ఇచ్ఛ ఎంతటిదో పాఠం చెప్పాడు. మనిషి స్వేచ్ఛకు ఎక్కువ చోటిస్తూ లూయిస్ దె మోలినా 1588లో పుస్తకం ప్రచురించాడు. రెండు పక్షాలవారూ రోము దాకా వెళ్లి వాదించుకుంటే, 1607లో పోపు ఐదో పాల్ ఎవరిది ఒప్పో చెప్పకుండానే సభ ముగించాడు. తర్వాత కొన్నేళ్లకు అదే విశ్వవిద్యాలయంలో పెద్రో కాల్దెరోన్ చదువుకున్నాడు. పండితులు తేల్చని తగవును ఆయన నాటకశాలకు తెచ్చాడు. 1994 జూన్‌లో అదే ఊళ్లో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూడి, వైకల్యమున్న పిల్లలకూ మామూలు బడి తలుపు తెరవాలని ప్రకటించారు.

కాల్దెరోన్ నాటకం 'లా విదా ఎస్ స్వెన్యో', అంటే జీవితం ఒక కల, 1636లో అచ్చయింది. పోలండ్ రాజు బసీలియో నక్షత్రాలు లెక్కగట్టి, తన కొడుకు క్రూరుడవుతాడని తేల్చుకుంటాడు. బిడ్డ చనిపోయాడని లోకానికి చాటించి, ఆ కొడుకు సెహిస్ముందోను ఒక బురుజులో సంకెళ్లతో పెంచుతాడు. ఏళ్ల తర్వాత అనుమానం వచ్చి, మత్తుమందిచ్చి రాజభవనానికి రప్పిస్తాడు. మనుషుల మధ్య మెలగడం ఎరగనివాడు అక్కడ కళ్లు తెరిచి, తనను వారించిన సేవకుణ్ణి ఎత్తి కిందికి విసిరేస్తాడు. చెప్పానా, జాతకం నిజమేనంటూ రాజు మళ్లీ బురుజుకు పంపిస్తాడు. రాజు తప్పు నక్షత్రాలను నమ్మడం కాదు. ఆ కాలంలో చాలామంది నమ్మారు. నమ్మకాన్ని పెంపకంగా మార్చి, అది అబద్ధమని తేలే దారులన్నీ మూసేశాడు, అదీ తప్పు. మనుషుల్లో మెలగడం నేర్పకుండా పరీక్ష పెట్టాడు, ఫలితాన్ని బిడ్డ స్వభావం ఖాతాలో రాసుకున్నాడు. నేర్పినదల్లా కాపలాదారు క్లోతాల్దో ఒక్కడే, అదీ బురుజు గోడల మధ్యే.

ఇది నాటకాల్లోనే జరుగుతుందనుకోనక్కర్లేదు. పుట్టుచెవిటివాళ్లు మూగవాళ్లు కూడా అవుతారని అరిస్టాటిల్ రాసిన మాటను, వాళ్లకు చదువే రాదన్న తీర్పుగా యూరప్ శతాబ్దాల తరబడి చదువుకుంది. వినికిడి లేకపోతే విశ్వాసమూ అందదన్న మతవాదం దానికి తోడైంది. వాళ్లకెవరూ నేర్పలేదు, కాబట్టి వాళ్లకేమీ రాలేదు, కాబట్టి నేర్పడం దండగన్నారు. పదహారో శతాబ్దం నడుమ బుర్గోస్ ప్రాంతంలోని ఓన్యా మఠంలో పెద్రో పోన్సె దె లెయోన్ అనే సన్యాసి ఈ చక్రాన్ని తెంచాడు. వెలాస్కో అనే ప్రభువుల ఇంటి చెవిటి పిల్లలకు రాయడం, చదవడం, మాట్లాడడం నేర్పాడు. ఆయన అరిస్టాటిల్‌ను ఖండిస్తూ గ్రంథం రాసి గెలవలేదు, పాఠం చెప్పి గెలిచాడు. 1620లో హువాన్ పాబ్లో బోనెత్ మాద్రిద్‌లో అచ్చువేసిన పుస్తకం చేతివేళ్ల అక్షరమాలను బొమ్మలతో చూపింది. వెలాస్కో పిల్లలు కలిగినవాళ్ల బిడ్డలు, వేరే గురువును పెట్టుకోగలిగారు కదా అనవచ్చు. నిజమే. కానీ పేద చెవిటి పిల్లలకు అడ్డొచ్చింది బుద్ధి కాదు, డబ్బు అని కూడా దాంతోనే తేలిపోతోంది.

మరి వైకల్యం నిర్ధారణే వద్దా, పరీక్షలే మానేద్దామా అని అడిగేవారుంటారు. వాళ్ల మాటలో బలముంది. లోపం గుర్తించకపోతే సాయం అందదు. మన దేశంలో 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించాకే చాలామందికి హక్కులు వచ్చాయి. 1905లో ఆల్ఫ్రెడ్ బినే తెలివిని కొలిచే పరీక్ష తయారుచేసింది కూడా పారిస్ బడుల్లో ప్రత్యేకంగా నేర్పవలసిన పిల్లలను గుర్తించడానికే. అదే బినే, తెలివి పుట్టుకతో వచ్చినంతేనని, పెరగదని వాదించేవాళ్లను తర్వాత ఖండించాడు. ఈ వారం ఈ పిల్లవాడికి ఏది ఎలా నేర్పాలో చెబితే ఆ కాగితం మందుచీటీ. ముప్పై ఏళ్లకు వాడు ఏమవుతాడో చెబితే జాతకం. వైకల్యాన్ని పూర్వజన్మ కర్మ అని సరిపెట్టుకునే మన అలవాటు కూడా ఈ రెండో కోవలోదే. శాస్త్రం పేరు చెప్పి దాన్ని సమర్థించడమూ కుదరదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పింది, దైవమంటే మునుపటి మన ప్రయత్నమేనని, ఇప్పటి ప్రయత్నం దాన్ని ఓడించగలదని. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి పిల్లల కోసం పెట్టిన కేంద్రాలకు 'భవిత' అని పేరు పెట్టినవాళ్లెవరో ఆ మాట ఎరిగినట్టే ఉన్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. సెహిస్ముందో చివరికి మారతాడు, తండ్రిని క్షమిస్తాడు; వెలాస్కో పిల్లలు చదువుకున్నారు. మరి తీవ్రమైన మేధో వైకల్యంతో ఎన్నేళ్లు నేర్పినా మాట రాని పిల్లల సంగతేమిటి? నేర్చుకున్నారు కాబట్టి వాళ్లకూ విలువ ఉందని వాదిస్తే, నేర్చుకోలేనివాళ్లకు విలువ లేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. విజయగాథలు చూపించి ప్రత్యేక విద్యను సమర్థించేవాళ్లు పడే గొయ్యి ఇదే. దీనికి జవాబు సెహిస్ముందో మారడంలో లేదు. అతడు మారకపోయినా ఆ సంకెళ్లు అన్యాయమే. నేరం చేయకముందే వేశారు కనుక. సాలమాంకా ప్రకటన కూడా చదువును ప్రతి బిడ్డ హక్కుగానే చెప్పింది, నేర్చుకోగలడని రుజువైతేనే అన్న మెలిక పెట్టలేదు. కాల్దెరోన్ ఇంత దూరం వచ్చాడని చెప్పలేను. నాటకం ముగింపులో, తనను విడిపించడానికి తిరుగుబాటు లేపిన సైనికుడు బహుమతి ఏదని అడిగితే, కొత్త రాజు సెహిస్ముందో వాణ్ణి చచ్చేదాకా అదే బురుజులో ఉంచమంటాడు.