నీళ్ళు మాగనీ, నాయనా

కాసేపు ఇట్లా అరుగు మీద కూర్చో నాయనా. నిలబడే తింటావు, నిలబడే మాట్లాడతావు, చేపలు కూడా నిలబడే కొనుక్కొచ్చావు. మీ అమ్మ పొద్దున చెప్పింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ చూసొచ్చిన మర్నాడు రెండడుగుల అద్దాల ట్యాంకు తెచ్చావట. ఆ సాయంత్రమే నీళ్ళు పట్టావట. ఆ రాత్రికే తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు వేశావట, ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది, ఇంటికి మంచిదన్నారని. ఇవాళ్టికి ఆరో రోజు. రెండు పోయాయి. మిగిలిన ఏడూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

నిన్ను కోప్పడదామని పిలవలేదు. చచ్చిన చేపను కాగితంలో చుట్టి జామచెట్టు మొదట్లో పూడ్చిపెట్టావని విన్నాను. అట్లాంటి పిల్లాణ్ణి ఏమని కోప్పడతాను? నీకు ప్రేమ లేక కాదు. తొందర, అంతే. నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి గదా, ఇంకేం కావాలి అనుకున్నావు. తెల్లగా ఉన్న నీళ్ళన్నీ చేపలుండే నీళ్ళు కావు. నీళ్ళు కూడా మాగాలి నాయనా.

పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆకలేస్తోందనుకుని మీ నానమ్మ ఇంకో చిటికెడు మేత వేసిందట. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. చేప తిన్న తిండిలోని మాంసకృత్తులు ఒంట్లో అరిగాక అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్ళలోకి వస్తాయి. తినగా మిగిలి అడుగున కుళ్ళిన మేత కూడా అమ్మోనియానే. చెరువులో అయితే దాన్ని తినే సూక్ష్మజీవులు బురద నిండా, రాళ్ళ నిండా ఉంటాయి. నీ ట్యాంకులో ఏమున్నాయి? కొత్త అద్దం, కొత్త గులకరాళ్ళు, కొత్త ఫిల్టర్. అంటే ఏడు చేపలు తమ మురికిలో తామే ఊపిరి పీలుస్తున్నాయి.

మీ నాన్నని అడుగు, మిరప చేలో పచ్చి పేడ వేస్తాడేమో. వెయ్యడు. వేస్తే మొక్క మాడిపోతుంది. మాగిన ఎరువే వేస్తాడు. మాగడమంటే ఏమిటి? కంటికి కనపడని జీవులు ఆ ఘాటునంతా తిని, మొక్కకు పనికొచ్చేట్టు మార్చడం. మీ ట్యాంకులో జరగాల్సిందీ అదే. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొంతవరకు ఉన్నా చేప ఓర్చుకుంటుంది, నీళ్ళు మారిస్తే పోతుంది. నేలలో ఈ పని చేసే జీవులను రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్స్కీ 1890 ప్రాంతంలో విడదీసి చూపించాడు. బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ ఆ రెండో పని నైట్రోబాక్టర్ చేస్తుందనే చెప్పాను నేను. 1998లో అమెరికాలో హొవనెక్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు మంచినీటి అక్వేరియంలలో వెతికి, అక్కడ కనిపిస్తున్నది నైట్రోస్పైరా జాతి అని తేల్చారు. పేరేదైనా కానీ, ఆ జీవులు కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు పట్టే మండలం ఉంది చూడు, దాదాపు అంత.

ఆ మండలం చేపలు లేకుండా గడిపితే ఏ గొడవా లేదు. నువ్వు చేపలతో మొదలుపెట్టావు. సరే, మొదలైంది. ఇప్పుడిక ఆ నలభై రోజులూ ఆ జీవులు చేయాల్సిన పని నీ చేత్తో నువ్వు చేయాలి.

ఇంకో మాట, ఇది మన పల్నాడు మాట. మీ ఇంట్లో బోరు నీళ్ళతో కందిపప్పు ఉడకదని మీ నానమ్మ కుళాయి నీళ్ళతోనే ఎసరు పెడుతుంది గదా. ఎందుకు ఉడకదు? మన కాళ్ళ కింద ఉన్నదంతా సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మనం పరుచుకున్న నాపరాళ్ళు, అన్నీ ఆ రాయి పుణ్యమే. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలేదాకా చాలా ఊళ్ళలో ఆ రాళ్ళలో ఊరిన బావి నీళ్ళే దిక్కు. ఆ నీళ్ళకు క్షారం ఎక్కువ. క్షారం పెరిగితే అమ్మోనియాకు కోరలొస్తాయి. వేడి ముప్పై డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 దగ్గర ఉంటే, అమ్మోనియా మొత్తంలో మొప్పల్ని కాల్చే భాగం నూటికి ఒక పాలు కూడా ఉండదు. అదే పీహెచ్ 8కి వచ్చిందంటే ఏడెనిమిది పాళ్ళవుతుంది. చెన్నైలో ఇంకొకడు అంతే మేత వేసి అన్నే చేపలు పెంచుతున్నాడు గదా అనకు. వాడి నీళ్ళు వేరు, నీ నీళ్ళు వేరు.

ఎండ సంగతి నీకు చెప్పాలా? నీ మండలం పూర్తయ్యేసరికి టీవీలో రోజూ రెంటచింతల పేరు వినిపిస్తుంటుంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. విషం పెరగడం, ఊపిరి తగ్గడం, రెండూ ఒకేసారి వస్తాయి. అందుకే ట్యాంకును ముందు ఆ పడమటి కిటికీ దగ్గర్నుంచి జరుపు. గాలి మోటరు రాత్రుళ్ళు శబ్దం చేస్తోందని ఆపొద్దు. భీమవరం వైపు రొయ్యల చెరువుల రైతులు రాత్రంతా ఏరియేటర్లు తిప్పుకుంటూ మేలుకుంటారు, అమ్మోనియా ఎంత, నైట్రైట్ ఎంత అని నీళ్ళు పట్టించి చూసుకుంటారు. వాళ్ళది ఎకరాల లెక్క, నీది యాభై లీటర్ల లెక్క. నీళ్ళ ధర్మం మాత్రం ఒకటే.

మన సున్నపు నీళ్ళలో ఒక మంచి కూడా ఉందిలే. ఆ సూక్ష్మజీవులకు సున్నపు సారం కావాలి, వెచ్చదనం కావాలి. ఓపిక పడితే మన దగ్గర నీళ్ళు బాగానే మాగుతాయి. ఓపిక పడితేనే.

నా సంగతి ఒకటి చెప్తాను విను. మాచర్లలో ఉద్యోగం చేసే రోజుల్లో మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. తనకోసం ఇనుప చట్రం ట్యాంకు కొని, ఇంటి వెనక బావి నీళ్ళు పోసి, పన్నెండు చేపలు వేశాను. తొమ్మిది రోజుల్లో అన్నీ పోయాయి. శుభ్రం చాల్లేదనుకున్నాను. రాళ్ళన్నీ బకెట్లో పోసి బ్లీచింగ్ పొడితో తోమాను, ఫిల్టరును కుళాయి కింద పిండాను, మళ్ళీ పది తెచ్చాను. రెండో వారం దాటలేదు. అప్పుడప్పుడే కాపురం పెడుతున్న జీవుల్ని నా చేతులతో నేనే కడిగేశానని నాకు తెలియదు. సైన్సు మాస్టర్ని, నైట్రోజన్ చక్రం బోర్డు మీద ఏటేటా గీసినవాణ్ణి, నా ఇంట్లో తిరుగుతున్న చక్రాన్ని చూడలేదు. మూడోసారి తెస్తానంటే మా అమ్మాయి వద్దు నాన్నా అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. నువ్వు అంతదాకా తెచ్చుకోకూడదనే ఈ సోదంతా.

కాబట్టి కడగకు. నీళ్ళు కాస్త మసకబారితే కంగారుపడి ట్యాంకంతా ఖాళీ చేయకు. ఫిల్టరు స్పాంజి మరీ మూసుకుపోతే, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టేయ్. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పల్నీ కాలుస్తుంది, మనం పెంచుకుంటున్న జీవుల్నీ చంపుతుంది. ముందు రోజే బకెట్లో పట్టి మూత లేకుండా నీడన ఉంచు, తెల్లారేసరికి చాలావరకు పోతుంది. తొందరైతే దుకాణంలో దొరికే యాంటీక్లోర్ చుక్కలు వెయ్యి. రోజూ ఒక బకెట్ తీయ్, ఒక బకెట్ పొయ్యి. నీ ట్యాంకుకు అది పావు వంతు. అన్నం తిన్నట్టు, స్నానం చేసినట్టు, రోజూ. పరీక్ష కిట్ ఒకటి కొనుక్కో. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు తీసి చుక్కలు వేస్తే అమ్మోనియా లేనప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది, ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆకుపచ్చకు తిరిగిన రోజు రెండు బకెట్లు మార్చు. మొదటి రెండు వారాలు అమ్మోనియా బాధ, ఆ తర్వాత అది తగ్గుతుంటే నైట్రైట్ బాధ. నైట్రైట్ ఒంట్లోకి వెళ్తే చేప రక్తం గోధుమరంగుకు మారి గాలి మోయలేకపోతుంది. దానికి మన వంటింటి మందే ఉంది. ఒక చెంచా కల్లుప్పు కరిగించి పొయ్యి, ఉప్పు మొప్ప దగ్గర నైట్రైట్‌కు అడ్డం పడుతుంది. ఒక్కసారే, రోజూ కాదు. తర్వాత మార్చిన బకెట్‌కు పావు చెంచా చాలు. కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ వారం రోజులు నిలబడితే, నీళ్ళు మాగినట్టు.

మేత దగ్గరే అసలు కష్టం. మీ ఇంట్లో ఐదుగురు. నానమ్మ ఒకసారి, చెల్లి బడి నుంచి రాగానే ఒకసారి, చూడ్డానికొచ్చిన చుట్టాలు ముచ్చటపడి ఇంకోసారి. మనుషులకి పెట్టే చెయ్యి ఆపలేని ఇల్లు మీది, నాకు తెలుసు. కానీ చేప మనలాంటిది కాదు నాయనా. దాని ఒంటికి వేడి పుట్టించుకునే పని లేదు, రోజు విడిచి రోజు తిన్నా బాగానే ఉంటుంది. ఈ నలభై రోజులూ మేత డబ్బా నీ దగ్గరే పెట్టుకో. రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. నానమ్మకి నెమ్మదిగా చెప్పు, మనసు కష్టపెట్టకు. మండలం అయ్యాక నువ్వే వేద్దువుగాని అను.

మీ నాన్న మిరప తోటలో మందు కొట్టి వచ్చిన రోజు ట్యాంకు దగ్గరికి రానివ్వకు. నాలుగుసార్లు సబ్బుతో కడిగినా ఆ చెయ్యి ఆ నీళ్ళలో పెట్టకూడదు. దోమల మందు కూడా ఆ గదిలో కొట్టొద్దు. గాలి మోటరు గదిలో గాలినంతా నీళ్ళలోకే తోస్తుంది, ఆ మందులు చేపలకు మనకంటే ఎన్నో రెట్లు విషం.

అడుగున అలంకారానికని మీ చేలోంచి రాళ్ళు ఏరుకొచ్చావు చూశావూ, వాటిమీద నాలుగు నిమ్మరసం చుక్కలు పిండు. నురగ వస్తే సున్నపురాయే. మనకున్న సున్నం చాలు, తీసెయ్. సక్కర్ చేప ఒకటి వేస్తే అదే ట్యాంకు శుభ్రం చేస్తుందని చెప్తారు. పాకుడు గీకుతుందేమో గానీ, అదీ తింటుంది, అదీ విసర్జిస్తుంది. అరచేతిలో పట్టే పిల్ల మూరెడవుతుంది. అప్పుడు పెంచలేక కాలువలో వదిలేస్తారు. అట్లా వదిలినవే కృష్ణలోనూ చెరువుల్లోనూ పిల్లలు పెట్టి జాలర్ల వలలు చించుతున్నాయి. నీకు చేపలు బరువైతే నాకు తెచ్చివ్వు, కాలువలో మాత్రం వెయ్యకు.

ఇక ఇవాళ్టి పని. ఏడింటికి ఆ ట్యాంకు చాలదు. గోల్డ్‌ఫిష్ మురికి ఎక్కువ చేసే జాతి. నాలుగింటిని సంచిలో నీళ్ళతో సహా నా దగ్గరికి తీసుకురా, నా పెద్ద తొట్టి పక్కన విడిగా ఉంచుతాను. నల్లదాన్ని నువ్వే ఉంచుకో, నీకు అదంటే ఇష్టమని మీ చెల్లి చెప్పింది. ఈ పూట మేత వద్దు. ఇప్పుడే వెళ్ళి రెండు బకెట్లు పట్టి వరండా నీడలో పెట్టు. నా తొట్టి ఫిల్టరులో ఆరేళ్ళ పాత స్పాంజి ఉంది, నల్లగా, జిడ్డుగా ఉంటుంది, చూసి అసహ్యపడకు. పాలకు తోడు ఎట్లాంటిదో మీ కొత్త నీళ్ళకు అది అట్లాంటిది. అందులో సగం కోసి రేపు పొద్దున, ఆరకముందే, తడి గిన్నెలో పెట్టుకుని తెస్తాను. ఆరు గంటలకే వస్తాను, తలుపు తీయమని మీ అమ్మకి చెప్పి పడుకో.