సుడోకుకు పెన్సిలు చాలు

సుడోకులో అంకెలుంటాయి గానీ లెక్కలుండవు. 81 గడుల పలకలో ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో, తొమ్మిది గడుల ప్రతి చిన్న చదరంలో 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కొక్కసారే రావాలి. అమెరికాలో 1979లో అచ్చయిన ఈ ఆటకు ఇప్పటి పేరు 1980లలో జపాన్‌లో వచ్చింది.

చిక్కుపడిన చోట డబ్బు కట్టి సూచన కొనుక్కోమంటాయి కొన్ని ఫోన్ యాప్‌లు. అది దండగ ఖర్చు. కొన్న సూచన చాలాసార్లు అంకె చెబుతుంది, కారణం చెప్పదు. రేపటి పజిల్‌కు అక్కరకొచ్చేది కారణమే.

పై మూడు చదరాలనే తీసుకుంటే, ఎడమ చదరంలో 5 మొదటి వరుసలో, మధ్య చదరంలో రెండో వరుసలో ఉందనుకుందాం. కుడి చదరంలో అది మూడో వరుసలోనే పడాలి. అక్కడ రెండు గడులు అప్పటికే నిండి ఉంటే మిగిలిన గడి తేలిపోయినట్టే. తేలనిచోట వీలున్న అంకెలను గడి మూలన సన్నగా రాసుకోవాలి. ఒకే వరుసలో రెండు గడులకు 2, 7 మాత్రమే మిగిలితే, ఆ వరుసలో మరెక్కడా అవి రావు. ఊహించి వేయడం మాత్రం పనికిరాదు. ఆ తప్పు చాలా గడులు నింపాక గానీ బయటపడదు.

దినపత్రికల్లో సుడోకు వస్తుంది, జవాబూ వస్తుంది. హైదరాబాద్‌లోని మొఘల్‌పురావాసులు చార్మినార్ మీదుగా వెళ్లి నయాపూల్ దాటితే, 1891లో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. పత్రికలు అక్కడ పైసా ఖర్చు లేకుండా చదవొచ్చు. గడులు మాత్రం సొంత కాగితం మీద గీసుకోవాలి.