తేనీటి పళ్లెము

ఎనిమిదేండ్ల ఆడుపిల్లను వెంటబెట్టుకొని సాయంకాలము హోటలునకు పోయి తేనీరు త్రాగించుట కూడ నొక చర్చనీయాంశమా యని చదువరులు నవ్వవచ్చును. మాకును మొదట నట్లే తోచినది. సెలవులలో పిల్లలను నాలుగు చోట్ల త్రిప్పి, ఇంత తినిపించి యింటికి దెచ్చుట తండ్రులందరు చేయు పనియే. కాని మొన్నటి దసరా సెలవులలో విజయవాడలో జరిగిన యొక చిన్న సంగతి మా మనస్సును వదలకున్నది. దానిని గూర్చియే యీ నాలుగు మాటలు.

మేము హైదరాబాదులో కాపురముండువారము. మా అప్పగారి యూరు ఉయ్యూరునకు సమీపమున, కృష్ణ కాలువల నీటితో పండు మాగాణి నడుమ నున్నది. ఏటేట దసరాకు సకుటుంబముగా నచటికి పోవుట మాకు వాడుక. ఈసారి నవరాత్రులలో మా అప్పగారు బాలపూజ చేసి, మా అమ్మాయిని పీటపై కూర్చుండబెట్టి, కాళ్లు కడిగి, పసుపు రాచి, కొత్త పరికిణీ యిచ్చి, కడుపునిండ పాయసము పెట్టిరి. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మవారికిని ఆ దినములలో బాలా త్రిపురసుందరి యలంకారము గలదు గదా! పండుగ వెళ్లిన మూడవనాడే ఆ యింటిలోనే మా మేనకోడలికి పెండ్లిచూపులు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగము చేసి, నెల జీతము తెచ్చుకొనుచున్న యామె జరీచీర గట్టి, తల వంచి, ఆరు కాఫీ కప్పుల పళ్లెము చేతబట్టుకొని వసారాలోనికి వచ్చెను. వెనుకనే మిఠాయి పళ్లెముతో మా అమ్మాయి. వచ్చినవారు కప్పులందుకొనిరి, పిల్ల చేయి వణకలేదని మెచ్చుకొనిరి. వరుడు కూర్చుండియే యుండెను. అతడేమి మోయగలడో చూచు నాచారము మనలో లేదు.

మరునాడు మేము విజయవాడకు బయలుదేరితిమి. "అక్కయ్యా, నువ్వు కూడా రా" అని మేమనగా, "నేనొస్తే ఈ పొయ్యి ఎవరు చూస్తార్రా? మీరు వెళ్లి రండి" అని మా అప్పగారు బదులు చెప్పిరి. ఆ మాటను మేము తేలికగానే తీసికొంటిమి. బస్సు దిగి ఏటి యొడ్డునకు పోతిమి. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో వరదకు తెగిపోగా, 1957లో ప్రకాశం బ్యారేజి వాడుకలోనికి వచ్చిన కథ పిల్లలకు చెప్పితిమి. వారు మా చరిత్రను విననేలేదు. డెబ్బది తలుపులను లెక్కింప మొదలిడి, నడుమ లెక్క తప్పి, నీవు తప్పంటే నీవు తప్పని పోట్లాడుకొనిరి.

నాలుగు గంటల వేళ నొక హోటలులో కూర్చుంటిమి. వడ్డించువాడు వచ్చి మా ముఖమే చూచి, "పాపకేం తెమ్మంటారు సార్?" అని యడిగెను. మేము "పాలు" అని నోరు తెరచుచుండగనే పిల్ల "నాక్కూడా టీయే, పాలెక్కువ పోసి" అనెను. పిల్లలకు తేనీరు తగదని మాకు తెలియును. ఆ యలవాటును మేమిచట సమర్థించుట లేదు. అయినను సెలవు దినము గదా యని అరకప్పునకు సమ్మతించితిమి. తేనీరు వచ్చెను. వడ్డించువాడు పళ్లెము బల్లపై నుంచెనో లేదో, మా అమ్మాయి కుర్చీ వెనుకకు నెట్టి లేచి నిలిచి, రెండు చేతులతో నొక కప్పు తీసి మా ముందు పెట్టెను. రెండవది తన యన్న ముందు. మూడవది తల్లి ముందు. తన యరకప్పు పళ్లెములోనే యుండిపోయెను. పండ్రెండేండ్ల యన్న తల యెత్తకుండగనే కప్పు నందుకొనెను. వడ్డించువాడు నవ్వి, "కూర్చో పాపా, అది నా పని" అనెను. పిల్ల సిగ్గుపడి కూర్చుండెను.

పిల్ల యెంత బుద్ధిమంతురాలని మాకొక నిమిషము గర్వము కలిగినమాట దాచనేల? ఆ గర్వమును మా భార్య నిలువనీయలేదు. "ఇది నేను నేర్పలేదండీ. నాకూ ఎవరూ నేర్పలేదు" అని మాత్ర మామె యనెను.

నేర్పకయే వచ్చు విద్య యిది. అక్షరములకు పలక కావలెను, ఎక్కములకు బెత్తమైనను కావలెనని పెద్దలనెడివారు. పళ్లెమున కేదియు నక్కరలేదు. ఎవరు కూర్చుందురు, ఎవరు నిలుతురు, ఎవరి కప్పు చల్లారును అను సంగతులు పిల్లలు చూచి గ్రహింతురు. మన యిండ్లలో ఆడుపిల్లకు రెండు స్థానములు సిద్ధముగా నున్నవి. ఒకటి పూజాపీఠము, రెండవది పళ్లెము వెనుక. ఈ రెంటి నడుమ నున్న మామూలు కుర్చీ మాత్ర మామెకు దొరకుట కష్టము. నవరాత్రులలో గరిటె చేతబట్టిన అన్నపూర్ణను మ్రొక్కుదుము గాని, అన్నపూర్ణ యెప్పుడు భుజించునని యెవరైన నడిగిరా?

తేనీటి చరిత్రయు నీ ప్రశ్నకు దూరము గాదు. ఆకు కోయునది తోటలలో నధికముగా స్త్రీల వ్రేళ్లే. ఇంగ్లండులో సాయంకాలపు తేనీటి మర్యాదను 1840 ప్రాంతమున బెడ్ఫర్డు ప్రభ్విణి యొకతె ప్రారంభించెనని చెప్పుదురు. అది గొప్పయిండ్ల వినోదము, దాసీలు తెచ్చి పెట్టునది. అంతకంటె గొప్ప మార్పు 1864లో లండనులో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీవారు తేనీటి యంగడి తెరచుటతో మొదలాయెను. మగతోడు లేకుండ మర్యాదగల స్త్రీ వీథిలో కూర్చుండి యొక కప్పు త్రాగుటకు అట్టి యంగడులు చోటిచ్చినవి. తరువాత ఓటుహక్కునకై పోరాడిన స్త్రీలు తేనీటి శాలలలో గూడి యాలోచించుకొనిరి. కుర్చీ చిన్న వస్తువే గాని, దానిపై కూర్చున్నవారికి మాటలాడుటకు తీరిక చిక్కును.

మన బెజవాడ రైళ్ల కూడలి యైన పిమ్మట కాఫీ హోటళ్లు బలిసినవి. అవి చాలకాలము మగవారి రాజ్యము. తరువాత తెరల చాటున ఫ్యామిలీ రూములు వెలసినవి. స్త్రీ లోనికి వచ్చెను గాని కంటబడలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణములో, హోటళ్లలో ప్రవేశమునకు కులమతములే గాక స్త్రీపురుష భేదము కూడ నడ్డు కారాదని స్పష్టముగా నున్నది. అది లేనినాడును ఈ కృష్ణాసీమలో ధైర్యశాలులు లేకపోలేదు. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడ పటమటకు మార్చిన గోరాగారు అన్ని కులముల సహపంక్తి భోజనములను ప్రోత్సహించిరి. పంక్తిలో నెవరు కూర్చుందురన్నది నాటి ప్రశ్న. వంగి వడ్డించువా రెవరన్నది దాని ప్రక్కనే నిలిచియున్న ప్రశ్న. చట్టము హోటలు గుమ్మము వరకే వచ్చును, వంటయింటిలోనికి రాలేదు.

ఇచట కొందరు మిత్రు లడ్డు చెప్పుదురు. అతిథికి చేతులార పెట్టుట మన సంస్కృతిలో మేలైన గుణము గదా, దానిని పిల్లకు మాన్పించి హోటలులో హుకుములు చేయుట నేర్పుదురా యని. ఈ మాటలో సగము న్యాయమున్నది. పెట్టు చేతిని మేము నిందింపము. మా అమ్మాయి ఆ కప్పు లందించినప్పుడు దాని ముఖమున నున్న ప్రేమ నిజమైనదే. కాని ప్రేమచే పెట్టినవా రెప్పుడైన పెట్టకుండను ఉండగలుగవలెను. ఉండరాని చోట అది ప్రేమయో, పన్నో తెలియునదెట్లు? అన్నకు లేని ప్రేమ చెల్లెలికే యుండవలెనని శాస్త్రమున్నదా? పెట్టుట మంచి గుణమైనచో పిల్లవానికి దానిని నేర్పక లోభించుచున్న తప్పు మాది.

హుకుముల మాట యింకను చిక్కైనది. మా పిల్లను కూర్చుండబెట్టుటకై మరియొకనిని నిలువబెట్టితిమి గదా! ఆ వడ్డించువాడు శ్రీకాకుళపువాడు. బిల్లు తెచ్చినప్పుడు మాట కలిపితిమి. జీత మింత, వేళ లింత, వారమున కొక సెలవు అని చెప్పెను. అది చాలునని మే మనలేము. అయినను పనికి మొదలు, తుది, వెల ఉన్నవి. "మరి ఇంటికి వెళితే నీకు టీ ఎవరిస్తారయ్యా?" అని యడిగితిమి. "మా ఆవిడే సార్, ఇంకెవరు?" అని నవ్వెను. ఆమెకు సెలవు వారమున నే దినమో మే మడుగలేదు; మా భార్య మా వంక చూచుటయే కారణము.

చీకటి పడువేళకు ఊరు చేరితిమి. మా అప్పగారు వంటయింటిలో నిలువుననే గోడకు చేరగిలి, ఎప్పటి తేనీరో చల్లారినది త్రాగుచుండిరి. పెండ్లివారి యొద్దనుండి యింకను కబురు రాలేదట. మేము వసారాలో మంచముపై నడుము వాల్చి, అలవాటు చొప్పున, "తల్లీ, కాసిని మంచినీళ్లు" అని కేక వేసితిమి. పిల్లవాడు నీళ్లకుండ ప్రక్కనే కూర్చుండి యేదో బొమ్మల పుస్తకము చూచుచుండెను. మా అమ్మాయి పెరటిలోనుండి పరుగున వచ్చి, చెంబు ముంచి తెచ్చి మా చేతికిచ్చి, అచటనే నిలుచుండెను.

"అన్నయ్య కుండ పక్కనే ఉన్నాడుగా నాన్నా?"

అడుగుటలో తప్పుపట్టు ధోరణి లేదు, తెలిసికొనవలెనని యడుగుచున్నది. మేము నీళ్లు త్రాగితిమి. చెంబును వంటయింటిలోనికి మేమే తీసికొనిపోయి కడిగి బోర్లించితిమి. "నీకిదేం పనిరా!" అని మా అప్పగారు గాభరాపడిరి.