వేపచెట్టు నీడ ఎవరిది?

ఆ ఫిబ్రవరిలో మేం నలుగురం పాడేరు నుంచి ఇంటికి తిరిగి వస్తున్నాం. నలుగురమూ బొల్లాపల్లి మండలం తాండాల్లో పుట్టినవాళ్ళమే, నలుగురమూ పంతుళ్ళమే. రాత్రంతా ప్రయాణం. గుంటూరు దాటి నరసరావుపేట దారి పట్టేసరికి మిట్టమధ్యాహ్నమైంది. డ్రైవరు కళ్ళు మూతలు పడుతున్నాయి. రోడ్డు పక్కన మిరప కళ్లం, దాని అంచున పెద్ద వేపచెట్టు కనిపిస్తే కారు ఆపించాం.

పట్టాల మీద ఆరబోసిన కాయ ఘాటుకి తుమ్ములొస్తున్నా, నీడ చల్లగా ఉంది. డ్రైవరు తువ్వాలు పరుచుకుని అలాగే నిద్రపోయాడు. మేం కారు తలుపులు తెరిచిపెట్టి కబుర్లలో పడ్డాం. మధ్యలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మోటారు సైకిలు ఆపి, అదే నీడలో నిలబడి, ఫోను మాట్లాడుకుని వెళ్ళిపోయాడు. మేం నమస్కారం కూడా పెట్టాం.

కాసేపటికి చేలోంచి పదిహేను మంది దాకా కూలీలు అన్నాలకి చెట్టు వైపు వచ్చారు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు, తలగుడ్డలు, చేతుల్లో క్యారేజీలు. వెంట ఇద్దరు ముగ్గురు పిల్లలు. వాళ్ళు దగ్గరికి రాగానే మాలో ఒకరం లేచి తలుపులు మూసి, తాళం బటన్ నొక్కాం. కారు కీచుమంది. ఎవరు నొక్కారన్నది అనవసరం. ఆ చప్పుడు నలుగురికీ నిశ్చింతగానే అనిపించింది.

వాళ్ళు ఏమీ అనలేదు. మంచి నీడ మాకే వదిలి, ఎండ తగిలే వైపు కూర్చున్నారు. పిల్లలు గోల చేయబోతే ఒక ముసలమ్మ కసిరింది. "నెమ్మదిరా! ఆ అబ్బాయి పడుకున్నాడు. రాత్రంతా బండి తోలినట్టున్నాడు, లేపకండి."

ఇంతలో ఇంటి నుంచి ఫోనొస్తే మాలో ఒకరం మన భాషలో మాట్లాడాం. ముసలమ్మ చటుక్కున ఇటు తిరిగింది. మన భాషలోనే "ఏ తాండా నాయనా?" అని అడిగింది. వాళ్ళూ మనవాళ్ళే. పడమటి ప్రకాశం తాండాల నుంచి కోతలకొచ్చారట. "తాళం చప్పుడు విని మీరు వేరేవాళ్ళనుకున్నాం" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే మాకు మరీ సిగ్గేసింది.

ఇంటికొచ్చాక చాలా రోజులు దీని గురించే మాట్లాడుకున్నాం. తాళం వేయడం తప్పా అని మాలో ఒకరు వాదించారు. రోడ్ల మీద దొంగతనాలు జరుగుతాయి, మన వస్తువు మనం చూసుకోవాలి కదా అన్నారు. నిజమే. కారు దిగగానే తాళం వేసి ఉంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇస్త్రీ చొక్కా వచ్చినప్పుడు గుర్తురాని తాళం, మాసిన తలగుడ్డ రాగానే ఎందుకు గుర్తొచ్చింది? మేం కాపాడుకున్నది కారునే కాదు. వాళ్ళ బట్టలు చూసి తీర్పు కూడా చెప్పేశాం.

ఆ తీర్పు మనకి కొత్త కాదు. తాండా అంటే ఇప్పుడు ఊరు. ఒకప్పుడు తాండా నడిచేది. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగే బిడారునే తాండా అనేవారు. పొద్దుగూకితే ఏదో ఒక చెట్టు కింద దిగేవారు. రైళ్ళొచ్చి ఆ బతుకు దెబ్బతిన్నాక, తిరిగేవాళ్ళంటేనే అనుమానం పెరిగింది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల వాళ్ళను తెచ్చిపెట్టి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పేరు నమోదైన మనిషి హాజరు పలకాలి, ఊరు కదిలితే చెప్పి కదలాలి. చెప్పకుండా ఇంకో ఊళ్ళో చెట్టు కింద పడుకుంటే అది కూడా నేరమే. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ "ఎవరు మీరు, ఇక్కడెందుకు ఆగారు" అనే చూపు రద్దు కాలేదు. ఆ చూపు కింద నలిగినవాళ్ళ మనవలం, కారు ఎక్కాక అదే చూపు చూశాం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. వాళ్ళు మనవాళ్ళని తెలిశాకే మాకు సిగ్గేసింది. మనవాళ్ళు కాకపోయి ఉంటే? ఏ ఒడిశా నుంచో వచ్చిన కూలీలైతే తాళం సంగతి మర్చిపోయి నిద్రపోయేవాళ్ళం. అంటే ఆ సిగ్గు కూడా సగమే. భాష కలిస్తేనే మర్యాద ఇచ్చేవాడికీ, ఇస్త్రీ చొక్కాకే మర్యాద ఇచ్చేవాడికీ పెద్ద తేడా లేదు.

అశోకుడు బాటల పక్కన చెట్లు నాటించాడని ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాం. ఎవరికోసం నాటించాడని మాత్రం అడగం. మనుషులకీ పశువులకీ నీడ కోసమని ఆయన శాసనంలోనే ఉంది. ఫలానా మనుషులకని లేదు. మన రాజ్యాంగం 15వ అధికరణం కూడా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కులం, మతం, జాతి పేరు చెప్పి ఎవరినీ అడ్డుకోకూడదంటుంది. నీడ మీద హక్కు అలసినవాడిది. ముందొచ్చినవాడు యజమాని కాడు, కాస్త ముందు అలసినవాడు, అంతే.

ఆ మధ్యాహ్నం అది తెలిసినట్టు నడుచుకున్నది ఎవరు? శిక్షణ పొందిన నలుగురు పంతుళ్ళం మా కారుకు వాళ్ళ నుంచి కాపలా కాస్తుంటే, ఆ ముసలమ్మ మా డ్రైవరు నిద్రకు కాపలా కాసింది. అప్పటికి మేం ఏ తాండావాళ్ళమో ఆమెకు తెలియదు. అలసినవాడు పడుకున్నాడన్నది ఒక్కటే ఆమె చూసింది.

మేస్త్రీ కేక వేయగానే వాళ్ళు లేచి చేలోకి వెళ్ళిపోయారు. డ్రైవరు ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రేపు మీకూ ఉద్యోగాలొస్తాయి, మీరూ బండ్లు కొంటారు. దూర ప్రయాణాల్లో స్నేహితులతో ఏదో ఒక చెట్టు కింద ఆగుతారు. తాళం వేసుకోవాలనుకుంటే దిగగానే వేసుకోండి. ఆ తర్వాత ఎవరొచ్చినా కాస్త జరిగి చోటివ్వండి. ఏ ఊరని అడగాలనిపిస్తే, వాళ్ళు కూర్చుని మంచినీళ్ళు తాగాక అడగండి.