విత్తినవాడు, కోసినవాడు



మనము దున్ని విత్తిన చేను పంటవేళకు వేరొకరి చేతికి పోయినయెడల మన కష్టమంతయు వ్యర్థమైనట్లేనా? మనలో అనేకులను బాధించిన ప్రశ్నయే యిది. దూరదేశపు ఆటగాడొకని జీవితమును ముందుంచుకొని దీనిని ఆలోచింతము.

ఎడ్వర్డ్ మలొఫెయెవ్ 1942లో సైబీరియాలో జన్మించెను. 1963లో మిన్స్క్ నగరమునకు వచ్చి, అక్కడి డైనమో జట్టులో ఫుట్‌బాల్ ఆడెను. నేటి బెలారస్ దేశమునకు రాజధానియైన ఆ నగరము అప్పుడు సోవియట్ యూనియనులో నుండెను. 1966లో ఇంగ్లాండులో జరిగిన ప్రపంచ పోటీలలో సోవియట్ జట్టు నాలుగవదిగా నిలిచెను. వాటిలో ఇతడు 3 గోలులు కొట్టెను.

1972లో ఆట మాని, పిమ్మట శిక్షకుడాయెను. ముందే మాట్లాడుకొని ఆటలను సమముగా ముగించుకొందురను అపవాదు ఆ దేశమున నుండెను. అందుచేత 1978లో అధికారులు అట్టి ఆటలకిచ్చు పాయింట్లకు హద్దు పెట్టవలసివచ్చెను. అట్టి కాలమున ఇతడు కపటము లేని, మనఃపూర్వకమైన ఆటనే కోరెను. 1982లో కడపటి దినమున మాస్కోలో స్పార్టక్ జట్టును 4–3తో ఓడించి, మిన్స్క్ డైనమో సోవియట్ విజేత ఆయెను. బెలారస్ జట్టుకు ఆ ఘనత దక్కుట అదియొక్కసారియే.

తరువాత సోవియట్ జాతీయ జట్టు అతని చేతికి వచ్చెను. 1986 ప్రపంచ పోటీలకు దానిని అర్హము చేసెను. అయితే ఆ వసంతమున ఆటలు సరిగా సాగలేదు. పోటీలు కొన్ని వారములలో ఆరంభమగుననగా అతనిని తొలగించి, వలేరి లొబనోవ్‌స్కీని నియమించిరి. మోషే కనాను పొలిమేరవరకు నడిపించెను, యెహోషువ లోపలికి తీసికొనిపోయెను గదా! క్రొత్త శిక్షకుని క్రింద జట్టు హంగరీని 6–0తో గెలిచెను గాని, బెల్జియము చేతిలో 3–4తో ఓడి ఇంటికి మరలెను. విత్తినవాడు కోయలేదు, కోయవచ్చినవాడు గాదె నింపలేదు.

తొలగింపబడినవారందరు అన్యాయము పొందినవారేయని మేము చెప్పము. అధికారులకును వారి కారణములుండెను. మేము చూచునది వేరు. మలొఫెయెవ్ పని విడువలేదు. ఆ యేడే అతని మాస్కో డైనమో జట్టు సోవియట్ పోటీలో రెండవ స్థానము పొందెను. 2000 మొదలు 2003 వరకు బెలారస్ జాతీయ జట్టును నడిపెను. 2006లో, 64 ఏండ్ల వయస్సున, స్కాట్లాండులో హార్ట్స్ జట్టును కొద్దికాలము నడిపెను. అక్కడ కీర్తి దక్కలేదు. అయినను పని పనియే.

పంట మన చేతిలోనిది కాదు. విత్తనము మంచిదా, చాలు చక్కగా దున్నితిమా అనునది మాత్రము మనదే. దానిని ఎవరును తీసికొనిపోలేరు. అయితే అసలు పరీక్ష వేరొకటి కలదు. మన చేను పరుల పాలైనప్పుడు అది పచ్చగా నుండవలెనని కోరుదుమా, ఎండిపోవలెనని కోరుదుమా? ఎండవలెనని కోరినయెడల, మనము ప్రేమించినది చేనును కాదు, మన పేరునే. అట్లు కోరక, మరునాటి ఉదయమున పార భుజమున వేసికొని వేరొక చేనికి పోగలిగినయెడల, మన కష్టము వ్యర్థము కాలేదు.