ఏ బద్ద దగ్గర ఓడ అయింది?

మోడల్ ఓడ కిట్ పెట్టె మూత తీస్తే ఓడ కనిపించదు. కట్టలుగా కట్టిన సన్నటి చెక్క బద్దలు, లేజర్‌తో కోసిన ప్లైవుడ్ ముక్కలు, దారపు ఉండలు, గింజంత కప్పీలు, మడతపెట్టిన పెద్ద నక్షా ఉంటాయి. మూత మీద మాత్రం ‘విక్టరీ’ అని రాసి ఉంటుంది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ ప్రాణం విడిచిన బ్రిటిష్ యుద్ధనౌక అది. 72లో ఒక వంతుకు కుదించినా మోడల్ పొడవు మీటరు దాటుతుంది. ఏళ్ల తరబడి కూర్చుని పూర్తిచేసినవాళ్లున్నారు. సగంలో అటకెక్కించినవాళ్లకూ కొదవ లేదు.

ముందు వెన్నెముకలాంటి కీల్. దానికి అడ్డంగా పక్కటెముకల్లా ప్లైవుడ్ ముక్కలు. వాటి అంచుల్ని ఏటవాలుగా అరగదీయాలి, లేకపోతే బద్ద ఆనదు. బద్దను నీళ్లలో నానబెట్టి, వేడి తగిలించి, వంచి, జిగురు రాసి, చిట్టి మేకులతో నిలబెట్టాలి. చాలా కిట్లలో మొదట మెత్తటి చెక్కతో ఒక పొర, దాన్ని నున్నగా రుద్దాక పైన వాల్‌నట్ పొర. ముందు కొస దగ్గరికి వచ్చేసరికి ప్రతి బద్దనూ సన్నగా చెక్కాలి. బద్ధకిస్తే ఓడ ముక్కు గుమ్మడికాయ అవుతుంది. ఈ తంటాల నడుమ ఏదో ఒక సాయంత్రం, చేస్తున్నవాడి నోట ‘చెక్కలు’ పోయి ‘ఓడ’ వస్తుంది. ఏ బద్ద దగ్గర వచ్చిందంటే చెప్పలేడు.

తత్త్వవేత్తలు ఈ ప్రశ్నను రెండో కొస నుంచి అడిగారు. ఏథెన్స్ జనం తమ పురాణవీరుడు థీసియస్ ఓడను భద్రపరిచి, పుచ్చిన పలక తీసి కొత్తది వేస్తూ పోయారని ప్లూటార్క్ రాశాడు. అన్నీ మారాక అది పాత ఓడేనా? 1655లో హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు: తీసేసిన పలకలన్నీ ఎవరో దాచి, అదే వరుసలో మళ్లీ బిగిస్తే?

ఇది ఉత్త ఊహేం కాదు. 1765లో నీట దిగిన ‘విక్టరీ’ 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో డ్రై డాక్‌లో ఉంది. ఎన్నో విడతల మరమ్మతుల్లో దాని చెక్క చాలావరకు మారిపోయింది. తీసేసిన ఓక్ ముక్కలు జ్ఞాపికలై జనం ఇళ్లకు చేరాయి. స్టాక్‌హోమ్‌లోని ‘వాసా’ అనే యుద్ధనౌకది తలకిందుల కథ. 1628లో తొలి ప్రయాణంలోనే, కిలోమీటరున్నర కూడా పోకముందే మునిగింది. 1961లో పైకి తీస్తే చెక్క దాదాపు అంతా అసలుదే. ఒకదానికి యుద్ధాలున్నాయి, చెక్క లేదు. ఇంకోదానికి చెక్క ఉంది, ప్రయాణమే లేదు.

మన వైపు ఈ తగువు రథం మీద నడిచింది. ‘మిళింద పన్హ’ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజు మినాండర్‌ను అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు, వాటిని ఆసరా చేసుకుని మనం వాడుకునే పేరే ‘రథం’. న్యాయదర్శనం వాళ్లైన నైయాయికులు దీనికి ఒప్పుకోరు. భాగాలు వేరు, వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉండే ‘అవయవి’, అంటే పూర్ణవస్తువు, వేరు అంటారు. మన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదువుకున్న వాళ్లకు ఈ మాట కొత్త కాదు.

కిట్ ముందు కూర్చున్నవాడు మొదట నైయాయికుడి వైపే మొగ్గుతాడు. అవే బద్దలు పెట్టెలో ఉంటే కుప్ప, బల్ల మీద ఉంటే ఓడ. మధ్యలో ఏదో కొత్తగా పుట్టినట్టే కదా! కానీ న్యాయదర్శనంలో దీనికి చెల్లించాల్సిన మూల్యం ఉంది. వస్త్రంలోంచి ఒక్క పోగు లాగినా పాత వస్త్రం నశించి ‘ఖండపటం’ అనే వేరే వస్త్రం పుడుతుందని వాళ్ల లెక్క. అంటే, పూర్ణవస్తువు నిజంగా ఉందని గట్టిగా వాదించినవాళ్లే దాన్ని ఒక్క పలకతో చంపేస్తున్నారు! ఆ నిజాయితీ మెచ్చదగ్గదే గానీ, ఆ లెక్కన పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికి ఎన్ని ‘విక్టరీ’లు పుట్టి పోయాయో.

మోడల్ పూర్తయ్యాక పెట్టె అడుగున సాధారణంగా కొన్ని బద్దలు మిగులుతాయి. అదే వాల్‌నట్, అదే కట్ట, అయినా ఓడ కాదు. ఓ రోజు దుమ్ము దులుపుతుంటే చెయ్యి తగిలి అంచు కమ్మీ ఒకటి విరుగుతుంది. మిగిలిన బద్దల్లోంచి ఒకటి కోసి అతికిస్తారు. నిమిషం కిందటి వరకు ‘విక్టరీ’లో ఉన్న ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. ఓడ వెనక అతికించిన పేరుపలక మాత్రం ఎవరూ మార్చరు.